కాగితం మైక్రోస్కోపు: గోదావరి డెల్టా బడుల్లో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చతికిలబడుతుంది

ఫోల్డ్‌స్కోపు అనే ఈ మడత కాగితం మైక్రోస్కోపు కొనొచ్చా అని అడిగే సైన్సు టీచర్లకీ అమ్మానాన్నలకీ తీర్పు ముందే చెప్పేయొచ్చు. ల్యాబులో ఉండాల్సిన మైక్రోస్కోపుకి బదులుగా కొంటుంటే మానుకోండి. పిల్లల్ని కాలువ గట్టుకీ చేను గట్టుకీ తీసుకెళ్లే ఓపిక ఉంటే, లేదా వస్తువుని పిల్లాడి చేతికిచ్చి ఇంటికి పంపే ధైర్యం ఉంటే మాత్రం ఈ ధరలో దీనికి సాటి వచ్చేది లేదు. మార్కులు వేయమంటే తరగతి గదిలో 5కి 2, గది దాటితే నాలుగున్నర. ఒకే వస్తువుకి రెండు మార్కులేంటంటే, చదువు నడిచే తీరు ఆ రెండు చోట్లా వేరు కాబట్టి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ దీన్ని రూపొందించి 2014లో వివరాలు ప్రచురించారు. విడిభాగాల ఖర్చు ఒక్క డాలరు దాటకూడదన్నది వాళ్లు పెట్టుకున్న లెక్క. కొనేవాడికి అంతకు పడదనుకోండి, రవాణా, పన్నులు, పెట్టె అన్నీ కలుస్తాయి. మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కూడా బడులకీ కాలేజీలకీ వీటిని చేర్చే కార్యక్రమం నడిపింది. చూడ్డానికి పెళ్లి కార్డంత ఉంటుంది. నీళ్లకి నానని సింథటిక్ కాగితం, దాని మధ్యలో 2.4 మిల్లీమీటర్ల గాజు గోళీ. కటకం మొత్తం ఆ గోళీయే. 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. 2 మైక్రాన్ల వరకు, అంటే మిల్లీమీటరులో ఐదొందలో వంతు వరకు విడదీసి చూపగలదు. ఒంటి కటకంతో సూక్ష్మజీవుల్ని చూడ్డం కొత్తేమీ కాదు, 1670ల్లోనే లీవెన్‌హాక్ చేసిన పని అదే. కొత్తదనం మడతలో ఉంది.

కూర్చడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. షీటులోంచి ముక్కల్ని లాగి చింపకూడదు. గీత వెంట ముందుకోసారి, వెనక్కోసారి వంచి, వేలితో నొక్కితే అవే ఊడొస్తాయి. మడతలు స్కేలు అంచు పెట్టి పదునుగా వేయాలి. మడత గుండ్రంగా మిగిలితే లోపలి పలక వదులైపోయి, ఫోకస్ పెట్టిన చోట నిలవదు. వేలు తీయగానే బొమ్మ చెదిరిపోతుంది, పిల్లలేమో కటకం పాడైందనుకుంటారు. జిగురు ఎక్కడా అక్కర్లేదు, పొరపాటున కూడా పూయకండి. లోపలి పలకలు జారుతూ ఉండాలి, ఆ జారుడే ఫోకసు. మొదటిసారి కూర్చే పిల్లలకి అరగంట దాటుతుంది. 45 నిమిషాల పీరియడులో కూర్చడం, చూడ్డం రెండూ పెట్టుకుంటే గంట కొట్టేసరికి సగం మంది చేతిలో సగం మడిచిన కాగితాలు ఉంటాయి. ఒక రోజు కూర్చండి, ఇంకో రోజు చూడండి.

పట్టుకునే తీరు కూడా నేర్పాలి. ల్యాబు మైక్రోస్కోపు అలవాటున్నవాళ్లు దీన్ని కళ్లకి జానెడు దూరంలో పట్టుకుని ఏమీ కనిపించట్లేదంటారు. కనురెప్ప వెంట్రుకలు కాగితానికి తగిలేంత దగ్గరగా రావాలి. కళ్లజోడు తీసేయాలి, రెండో కన్ను తెరిచే ఉంచాలి. బొటనవేళ్లు రెండూ అటూ ఇటూ అంచుల మీద పెట్టి, దగ్గరికి నొక్కుతూ దూరంగా లాగుతూ ఫోకస్ చేయాలి. వేళ్లని పైకీ కిందికీ కదిపితే స్లైడు మీద ఇంకో చోటికి వెళ్తాం. వెలుతురు కోసం కిటికీ వైపో తెల్ల గోడ వైపో తిరగాలి. సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకూడదు, కన్ను పోతుంది. చిన్న పిల్లలకి ఈ ఒక్క మాట మళ్లీ మళ్లీ చెప్పాలి. మబ్బు పట్టిన రోజున ఫోను టార్చి మీద తెల్ల టిష్యూ కాగితం రెండు పొరలు వేసి వాడొచ్చు. పొర లేకుండా టార్చి నేరుగా వాడితే మధ్యలో మంటలా మెరిసి చుట్టూ చీకటైపోతుంది.

ఇక స్లైడు. గోళీ కటకానికీ అది స్పష్టంగా చూపించే చోటుకీ మధ్య దూరం అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. మామూలు గాజు స్లైడు మందం మిల్లీమీటరు. కాబట్టి స్లైడుని తిరగేసి, గాజు వైపు కటకానికి పెడితే బొటనవేళ్లు అరిగిపోయినా ఫోకస్ కాదు. నమూనా ఉన్న వైపు, అంటే కవర్‌స్లిప్ (నమూనా మీద కప్పే పల్చటి గాజు పలక) వైపు, కటకం దిక్కుకే ఉండాలి. నీటి చుక్క పెద్దదైనా ఇదే బాధ, కవర్‌స్లిప్ తేలిపోయి దూరం పెరిగిపోతుంది. డ్రాపరుతో ఒక చిన్న చుక్క వేసి, కవర్‌స్లిప్‌ని ఏటవాలుగా ఒక అంచు నుంచి దించి, పక్కకి వచ్చిన నీటిని బ్లాటింగ్ కాగితంతో పీల్చేయాలి. బయట వాడేటప్పుడు కవర్‌స్లిప్ నాలుగు అంచులకీ అగ్గిపుల్లతో వాజిలీను పూస్తే నీరు కారదు, ఎండకి తొందరగా ఆరిపోదు కూడా. పొడి వస్తువులకి, అంటే పుప్పొడి, రెక్కలు, పొలుసుల్లాంటివాటికి కాగితం స్లైడు, పారదర్శక టేపు చాలు. ఆ టేపు మరకలు లేని మంచి రకమై ఉండాలి. చవక టేపులో బుడగలే ముందు కనిపిస్తాయి.

ఆ బుడగల సంగతి చెప్పకపోతే పాఠం తప్పుదారి పడుతుంది. నల్లటి మందపాటి అంచుతో, లోపల తెల్లగా మెరిసే ఖచ్చితమైన గుండ్రం కనిపిస్తే అది గాలి బుడగ. కొత్తగా చూసే పిల్లలు దాన్నే కణం అనీ గుడ్డు అనీ గీసేస్తారు. పెరుగు చుక్కలో కనిపించే చిన్న చిన్న గుండ్రాలు కూడా అంతే, అవి వెన్న బొట్లు. పెరుగు బాక్టీరియా వెడల్పు ఒక మైక్రాను లోపు, ఈ కటకానికి చిక్కదు. బాక్టీరియా చూపిస్తామని పిల్లలకి మాటిచ్చి వెన్న చూపించేకన్నా అది దీని శక్తికి మించిందని చెప్పేయడమే నయం.

ఫోను తగిలించుకునే అయస్కాంతపు రింగు దీంతో ఉన్న సదుపాయాల్లో బాగా కలిసొచ్చేది. ఒకడు చూసేది పదిమందికీ చూపించొచ్చు. ఇప్పటి ఫోన్లతో రెండు చిక్కులున్నాయి. వెనక మూడు కెమెరాలుంటే రింగుని అసలు కెమెరా మీదే, నడిమధ్యకి పెట్టాలి. తర్వాత మాక్రో మోడ్ ఆపేయాలి. ఆపకపోతే వస్తువు దగ్గరగా ఉందనుకుని ఫోను తనంతట తనే వేరే కెమెరాకి మారిపోయి తెర నల్లబడుతుంది. బొమ్మ రాగానే జూమ్ రెండింతలు చేసి, తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ తాళం వేయాలి. అంచుల్లో బొమ్మ మసకబారడం గోళీ కటకపు స్వభావం, అది మన తప్పూ కాదు, వస్తువు లోపమూ కాదు. మధ్య భాగమే చూడాలి. అన్నట్టు ఆ అయస్కాంతాలు చిన్నవైనా బలమైనవి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

తరగతి గదిలో రెండు మార్కులే ఎందుకంటే, అక్కడ ప్రశ్నా జవాబూ రెండూ పుస్తకంలో ముందే అచ్చయి ఉంటాయి. ఉల్లిపొరలో గదులు గదులుగా కణాలు, బుగ్గలోంచి గీకిన కణాల్లో మధ్య చుక్క. బొమ్మ పుస్తకంలో ఉన్నంత అందంగా రాకపోతే పిల్లాడు పుస్తకం బొమ్మే గీసేస్తాడు. ఉల్లిపొర వరకు దీనికి ఇబ్బంది లేదు. కణం పావు మిల్లీమీటరు దాకా పొడుగుంటుంది కాబట్టి రంగు వేయకపోయినా గోడలు తేలతాయి. బుగ్గ కణాలు మాత్రం నీళ్లలో నీళ్లలా కలిసిపోతాయి. అక్వేరియం దుకాణాల్లో దొరికే మిథిలీన్ బ్లూ బాగా పలచన చేసి ఒక బొట్టు వేసి రెండు నిమిషాలు ఆగితే కేంద్రకం నీలంగా కనిపిస్తుంది. అయినా ఈ పనులన్నీ పది రెట్లు, నలభై ఐదు రెట్ల కటకాలున్న ల్యాబు మైక్రోస్కోపు మీద ఇంకా బాగా అవుతాయి. అది బడిలో ఉండీ బీరువాలో తాళం పడి ఉంటే, కొత్తది కొనే ముందు ఆ తాళం తీయించడం మంచిది. ఇంకో ఇబ్బంది, అయిదారుగురికి ఒక ఫోల్డ్‌స్కోపు ఇచ్చి బృంద కృత్యం అనిపించడం. ఒక్కడు చూస్తాడు, మిగతావాళ్లు వాడు చెప్పింది రాస్తారు.

పిండి రేణువుల ప్రయోగం ఒక్కటి మాత్రం గదిలోనూ బాగుంటుంది. బంగాళాదుంప గీరిన నీళ్లలో గుడ్ల లాంటి పెద్ద రేణువులు, కొన్ని వంద మైక్రాన్ల దాకా కూడా ఉంటాయి. బియ్యం కడుగులో ఉండేవి అయిదారు మైక్రాన్ల నలుసులు. మనం రోజూ తినే ధాన్యాల పిండి రేణువుల్లో బాగా చిన్నవి బియ్యానివే. రెండింటి మీదా అయోడిన్ బొట్టు వేస్తే రెండూ నల్లబడతాయి. ఒకే పదార్థం, రెండు కొలతలు. అరటికాయ గీరి మూడో స్లైడు చేయమనండి, అది ఆ రెంటి మధ్యలో ఎక్కడ పడుతుందో ముందే చెప్పకండి.

ఇక బయటికి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు సంచీ లేని బడి ఉండాలంది. అలాంటి రోజుల్లో ఒక్కటి నీళ్ల మీద పెట్టుకుంటే డెల్టాలో సరుకుకి కొదవ లేదు. పిల్లల్ని కాలువలోకి దించకండి. సీసాని వెదురుకర్రకి కట్టి గట్టు మీద నుంచే ముంచాలి. రొయ్యల చెరువు గట్ల మీదికి గుంపుగా అసలే వద్దు. ఎయిరేటర్ల కరెంటు తీగలు నేల మీదే పాకుతుంటాయి, పైగా బయటివాళ్ల కాళ్లతో జబ్బు వస్తుందని రైతుకి ఉన్న భయం న్యాయమైనదే. చెరువు నీరు సీసాలో పట్టి పంపమని రైతునే అడిగితే ఎవరూ కాదనరు. సీసా సగమే నింపాలి, నీడలో ఉంచాలి, మూడు నాలుగు గంటల్లో చూసేయాలి. నిండా నింపి మూత బిగించి ఎండలో పెట్టిన సీసాలో సాయంత్రానికి కదిలేది ఏదీ మిగలదు.

ఉత్త చుక్కలో జీవులు తక్కువ దొరుకుతాయి. పాత పల్చటి వాయిలు గుడ్డలోంచి రెండు బకెట్ల నీళ్లు నెమ్మదిగా పోసి, గుడ్డ అడుగున మిగిలిన చెంచాడు నీటిని తీసుకుంటే ఒక్కో స్లైడులో అరడజను రకాలైనా తగులుతాయి. నీటి ఈగలు, చక్రాలు తిరుగుతున్నట్టు నోరు కదిపే రోటిఫర్లు, ఆకుపచ్చ తీగలు. పరుగులు తీసేవాటికి కళ్లెం వేయాలంటే నాలుగు దూది పోగులు విడదీసి చుక్కలో వేయాలి, ఆ పోగుల మధ్య ఇరుక్కుని నిలబడతాయి. వానాకాలంలో బయటికి పోవడం కుదరకపోతే వరిగడ్డి ముక్కలు బోదె (చేలోకి వెళ్లే చిన్న కాలువ) నీళ్లలో నానేసి, మూత పెట్టకుండా నాలుగైదు రోజులుంచండి. పైన తెట్టు కడుతుంది. ఆ తెట్టు అంచున తీసిన చుక్కలో పారమీసియం లాంటివి దండిగా ఉంటాయి.

పంట కాలువ నీరు, మురుగు కాలువ నీరు ఒకే రోజు పట్టి పక్కపక్కన చూడ్డం అన్నిటికన్నా చవకైన పాఠం. రెండూ ఒకే గోదావరి నీళ్లే, ఒకటి చేలోకి వెళ్లేది, రెండోది చేలూ చెరువులూ ఊళ్లూ దాటి వచ్చింది. ఎందులో ఏవి ఎక్కువున్నాయో లెక్కపెట్టి రాయమంటే చాలు. కుళ్లు ఎక్కువున్న చోట యూగ్లీనాలు, సీలియేట్లు అనే ఏకకణ జీవులు ఎక్కువవుతాయి. ఇది మాష్టారు చెప్పాల్సిన పని లేదు, లెక్కే చెబుతుంది.

ఋతువుని బట్టి చూసేవీ మారతాయి. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు జీవుల కోసం వెతకడం అనవసరం, అప్పుడు చూడాల్సింది ఒండ్రుని. ఒక గ్లాసులో ఎర్రనీరు తేర్చి అడుగు మడ్డి చుక్క చూస్తే కోసుగా, మెరుస్తూ ఇసుక, ఒండ్రు రేణువులు కనిపిస్తాయి. పైన ఇంకా తేరని ఎర్రదనం చుక్కలో మాత్రం విడిగా ఏదీ కనిపించదు, ఉత్త మసకే. మట్టి శాస్త్రం లెక్కలో 2 మైక్రాన్ల లోపున్నది బంకమన్ను, పైనున్నది ఒండ్రు. ఈ పరికరం చూపు ఆగిపోయేదీ సరిగ్గా అక్కడే. ఆ నీళ్లలో పటిక ముక్కని నాలుగు చుట్లు తిప్పి పావుగంటాగి మళ్లీ చుక్క తీయండి. ఇందాక ఏమీ లేని చోట దూదిపింజల్లాంటి ముద్దలు. మసకంతా ముద్ద కట్టి కంటికి అందేంత పెద్దదైంది. తరతరాలుగా కుండలో పటిక తిప్పుతున్న ఇళ్ల పిల్లలకి దాని పని ఏంటో కళ్లారా చూపే ప్రయోగం ఇంతకన్నా సులువుగా దొరకదు.

సార్వా పూతకొచ్చే రోజుల్లో వరి పువ్వు. పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య పొట్టు విచ్చుకుని ఆరు పుప్పొడి సంచులు బయటికి వేలాడతాయి, తర్వాత మళ్లీ మూసుకుంటుంది. ఆ వేళలోనే గట్టు మీద నిలబడి పట్టాలి. ఒక సంచిని స్లైడు మీద సూదితో చిదిపి పలచని అయోడిన్ వేస్తే, బలమున్న పుప్పొడి ముదురు నలుపు తిరుగుతుంది, తాలు పుప్పొడి పసుపుగానే ఉండిపోతుంది. వంగడాలు తయారుచేసేవాళ్లు గొడ్డుదనం తేల్చుకునే పద్ధతి ఇదే. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ లాంటి వరి రకాలు ఇంటి ముందు చేలోనే ఉంటాయి కనుక ఈ పరీక్షకి దూరం పోనక్కర్లేదు. పూత మీదున్నప్పుడు పొద్దుటి పూట మందు కొట్టొద్దని నాన్న ఎందుకంటాడో కూడా అక్కడే తెలుస్తుంది.

నీళ్ల మీద తేలే చిన్న మొక్క అజొల్లా అయితే ఏడాది పొడుగునా దొరుకుతుంది, పశువుల మేతకి తొట్లలో పెంచేవాళ్లుంటారు. ఒక చిన్న ఆకుని నీటి చుక్కలో పెట్టి సూదులతో చీల్చి, కవర్‌స్లిప్ మీద పెన్సిలు వెనకభాగంతో మెల్లిగా నొక్కాలి. చీలిన చోటు నుంచి పూసల దండల్లాంటివి బయటికి జారతాయి. అదే అనబీనా, అజొల్లా ఆకు గూటిలో కాపురముండే నీలి ఆకుపచ్చ జీవి. ఆ దండలో అక్కడక్కడా ఒక పూస మిగతావాటి కన్నా కాస్త పెద్దదిగా, అంచు మందంగా, లోపల తేటగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టేది ఆ పూసే. 140 రెట్లలో అది చిన్నగానే కనిపిస్తుంది, ఓపిగ్గా ఫోకసు జరపాలి. కానీ యూరియా బస్తా ధర ఇంట్లో రోజూ వినే పిల్లకి ఆ పూస దొరికితే పుస్తకంలో నత్రజని వలయం బొమ్మ ఇక బాణాల గుర్తులుగా మిగలదు.

కోనసీమ వైపు అరటిని వదిలిపెట్టొద్దు. కర్పూరమైనా చక్కెరకేళి అయినా సరే, లేత ఆకు కాడని పుటుక్కున విరిచి రెండు ముక్కల్నీ మెల్లగా దూరం లాగితే మధ్యలో సాలెగూడు లాంటి దారాలు సాగుతాయి. ఆ దారాన్ని స్లైడు మీదికి చుట్టి, చుక్క నీరు వేసి చూస్తే అది దారం కాదు, స్ప్రింగు. నీరు మోసే దారువు నాళాల గోడకి లోపల బిగించి ఉండే చుట్లు ఊడి వచ్చాయన్నమాట. పాఠంలో ‘సర్పిలాకార మందం’ అని బట్టీ పట్టేది ఇదే. కడియం వైపున్నవాళ్లకి పువ్వుల కరువే లేదు. ముళ్ల బంతుల్లా ఉండే మందార పుప్పొడితో మొదలెడితే చిన్న తరగతుల పిల్లలు కూడా మొదటిసారే బొమ్మ పట్టేస్తారు.

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న, దీంతో రొయ్య జబ్బు తెలుస్తుందా అని. తెల్లమచ్చ వైరసు పొడవు మైక్రానులో సగం కూడా ఉండదు, రొయ్యల్లో చేరే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి సిద్ధబీజాలూ 2 మైక్రాన్ల లోపే. రెండూ దీనికి కనిపించవు, వాటికి పీసీఆర్ పరీక్షే దారి. ఫోల్డ్‌స్కోపులో ఏమీ లేదు కాబట్టి చెరువు బాగుందని ఎవరూ అనుకోకూడదు. కనిపించేది ఒకటుంది. రొయ్య పెంకు మీద, మొప్పల మీద పాచి పట్టినట్టు బూజుగా ఉంటే ఆ చోట గీకి చూస్తే, కాడల మీద గుడి గంటల్లాంటి ఏకకణ జీవులు గుత్తులుగా వేలాడుతుంటాయి. స్లైడుని వేలుగోటితో తట్టండి. గుత్తి మొత్తం ఒక్కసారిగా ముడుచుకుంటే జూథామ్నియం. కాడలు కదలకుండా గంటలు మాత్రమే ముడుచుకుంటే ఎపిస్టైలిస్. చెరువులో సేంద్రియ పదార్థం పెరిగిందని ఇవి చెప్పకనే చెబుతాయి. చికిత్స నిర్ణయం మాత్రం పిల్లాడి స్లైడు మీద కాకుండా ల్యాబు కాగితం మీద జరగాలి.

కొలతలు లేకుండా చూసింది చూసినట్టు వదిలేస్తే అది వినోదంగానే మిగిలిపోతుంది. ప్రతి స్లైడులోనూ ఒక తల వెంట్రుక ముక్క వేయించండి. దాని మందం సుమారు 70 మైక్రాన్లు. జీవి వెంట్రుకలో సగమా, రెండింతలా అని పిల్లలే అంచనా కడతారు. ఫొటో తీసే ముందు అయిదు నిమిషాలు పెన్సిలుతో బొమ్మ గీయాలన్న నియమం పెట్టండి. ఫోను ముందొస్తే కన్ను పనిచేయడం మానేస్తుంది. నోటుబుక్కులో తేదీ, చోటు (బోదా, చెరువా, మురుగు కాలువా), వాన పడిందా లేదా, వెంట్రుకతో పోలిస్తే ఎంత, చివరగా ‘ఇదేంటో తెలియలేదు’ అని రాసుకోవడానికి ఒక గడి. ఆ గడి నిండుతుంటే పని నడుస్తున్నట్టు. దానికి మార్కులు వేయొద్దు, వేస్తే మర్నాటి నుంచి అందరికీ అన్నీ తెలిసిపోతాయి.

మన చెమ్మలో దీన్ని కాపాడుకోవడం ఒక పని. కాగితం నానదు గానీ, మడతల్లో మట్టి నీరు ఆరితే ఆ ఇసుక కటకాన్ని గీస్తుంది. వాడాక ముందు స్లైడు తీసేయాలి, తడి మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి, నీడలో ఆరబెట్టాలి. గోళీని చొక్కా అంచుతో రుద్దకండి. చుక్క మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నెయిల్ పాలిష్ తీసే ద్రవం దాని దగ్గరికే రానీయొద్దు. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయస్కాంతాల పూత గీరుకుపోతే తుప్పు పడతాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చేవే దాచుకుంటే సరిపోతాయి.

ఎన్ని కొనాలి? ఇద్దరికొకటి చొప్పున. నలభై మంది తరగతికి ఇరవై, పోగొట్టేవాళ్ల కోసం ఇంకో రెండు. ఒక్కొక్కటీ విడిగా కాకుండా తరగతి కిట్టుగా తీసుకుంటే ఒక్కోదాని ధర బాగా తగ్గుతుంది. స్లైడులు, సూదులు, డబ్బా అన్నీ ఉండే ఖరీదైన విడి కిట్టు ఇంట్లో ఒక్కరే వాడుకునేవాళ్లకి, లేదా టీచరు చేతిలో ఉండడానికి. బడికి అన్నీ అవే కొనడం అనవసరం. మిగిలిన డబ్బుతో గాజు స్లైడులు రెండు పెట్టెలు, కవర్‌స్లిప్‌లు నాలుగు పెట్టెలు (ఇవి పగిలినన్ని ఇంకేవీ పగలవు), ప్లాస్టిక్ డ్రాపర్లు ఇరవై, టింక్చర్ అయోడిన్ సీసా, మిథిలీన్ బ్లూ సీసా, వాజిలీను డబ్బా తీసుకోండి. ఇవి లేకుండా పరికరాలు మాత్రమే తెప్పించిన చోట రెండో నెలకే అవి మూలపడతాయి. వేసవి సెలవుల ముందు వాటిని లెక్కపెట్టి బీరువాలో పెట్టకుండా, సంతకం పెట్టించుకుని పిల్లలకే ఇచ్చి పంపండి. కాలువలు కట్టేసే ఆ రోజుల్లో అడుగున మిగిలిన మడుగుల్లోనే నీటి జీవులు చిక్కగా ఉంటాయి. జూన్‌లో తిరిగొచ్చేసరికి ఒకటో రెండో విరిగి వస్తాయి, అదనంగా కొన్న ఆ రెండూ అందుకే.